ఎండాకాలం సెలవుల్లో లేత్ మిషన్ నేర్చుకోవచ్చా?



ఏప్రిల్ నెలాఖరుకు మన హాస్టల్‌కు తాళం పడుతుంది. జూబ్లీ బస్ స్టేషన్‌కు కొందరు, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు కొందరు ట్రంకు పెట్టెలతో బయలుదేరుతారు. మళ్లీ జూన్ రెండో వారం దాకా సుమారు నలభై అయిదు రోజులు. ఆ రోజుల్లో మనవాళ్లు ఖాళీగా కూర్చోరని అందరికీ తెలుసు. మేస్త్రీ కింద మాలు అందించేవాళ్లు, మామిడి తోటల్లో కాయ కోసేవాళ్లు, పెళ్లిళ్లలో వడ్డనకు పోయేవాళ్లు మనలోనే ఉన్నారు. జూన్‌లో వచ్చేటప్పుడు కొత్త చెప్పులు, నోటు పుస్తకాలు ఆ కూలి డబ్బులతోనే వస్తాయి.

మేము ఈ హాస్టల్లోనే పది దాకా చదివి, తర్వాత ఐటీఐలో మెషినిస్టు, టర్నర్ ట్రేడుల్లో చేరినవాళ్లం. ఆదివారాలు ఇక్కడికి వచ్చినప్పుడు తొమ్మిది, పది చదివే తమ్ముళ్లు ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. "అన్నా, సెలవుల్లో లేత్ పని నేర్పే చిన్న కోర్సులు ఉన్నాయట కదా, మేము చేరొచ్చా?" దానికి తోక ఇంకొకటి. "తుపాకులు బాగుచేసే పని కూడా నేర్పిస్తారటగా?" ఈ రెండో ప్రశ్న ఫోన్లో చూసిన అమెరికా వీడియోల నుంచి వచ్చింది. సంచిక కోసం ఏదైనా పనికొచ్చే సంగతి రాయమని వార్డెన్ సార్ అడిగారు కాబట్టి రెండింటికీ ఇక్కడే జవాబు రాస్తున్నాం. తుపాకీ సంగతే ముందు చెబుతాం, ఎందుకంటే అది చెప్పేదాకా కొందరు మిగతాది చదవరు.

తుపాకీ పని ఎక్కడ నేర్పుతారు?

అమెరికాలో తుపాకులు బాగుచేయడం ఒక చదువే. కాలిఫోర్నియాలోని లాసెన్ కళాశాలలో 1945లో, కొలరాడోలోని ట్రినిడాడ్ కళాశాలలో 1947లో ఆ కోర్సులు మొదలయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు తిరిగివస్తున్న కాలం అది. వాళ్లకు బతుకుతెరువు చూపాల్సి వచ్చింది. పూర్తి కోర్సులు కాక, వేసవిలో కొత్తవాళ్ల కోసం వారం, రెండు వారాల చిన్న తరగతులు కూడా అక్కడ నడుస్తుంటాయి. వీడియోల్లో కనిపించేవి ఇవే.

మన దేశంలో అలాంటి వేసవి తరగతి లేదు, ఉండడానికి వీల్లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడమే కాదు, రిపేరు చేయడం కూడా నేరం. 2019లో ఈ చట్టాన్ని సవరించారు. అప్పటి నుంచి లైసెన్సు లేని తయారీకి కనీసం ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. అడవి పందుల బెడద ఉన్న ఊళ్లలో నాటు తుపాకీ బాగుచేసి పెట్టమని కమ్మరి పనో వెల్డింగు పనో తెలిసిన కుర్రాడిని అడిగేవాళ్లు ఉంటారు. "చిన్న స్ప్రింగే కదా" అంటారు. చట్టం దృష్టిలో ఆ స్ప్రింగు వేసినా రిపేరే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే ఈ వ్యాసం చదివిన కష్టం దక్కినట్టే.

అయితే ఈ పని నేర్పే చోటు మన సికింద్రాబాద్‌లోనే ఉంది, తిరుమలగిరిలో. సైన్యంలో ఈఎంఈ అనే విభాగం 1943లో ఏర్పడింది. ట్యాంకులు, లారీలు, రాడార్లు, తుపాకులు, సైన్యంలో చెడిపోయేది ఏదైనా బాగుచేసేది వీళ్లే. ఈ విభాగంలో కొత్తగా చేరిన సైనికులకు తొలి శిక్షణ ఇచ్చే 1 ఈఎంఈ సెంటర్, ఇంజనీరింగ్ నేర్పే మిలిటరీ కాలేజీ కూడా ఇక్కడే ఉన్నాయి. ఈ విభాగంలో మామూలు సిపాయిని సిపాయి అనరు, 'క్రాఫ్ట్స్‌మన్' అంటారు. తుపాకులు చూసే ట్రేడు పేరు 'ఆర్మరర్'. పోలీసు శాఖలోనూ ఆర్మరర్లు ఉంటారు. వాళ్లెవరూ బయట నేర్చుకొని పోయినవాళ్లు కారు, చేరాక అక్కడ నేర్చుకున్నవాళ్లు. 2022 నుంచి సైన్యంలో జవాన్ల చేరిక అగ్నివీర్ పద్ధతిలో జరుగుతోంది. అందులో టెక్నికల్ విభాగానికి ఇంటర్ సైన్సు చదివినవాళ్లతో పాటు, పది తర్వాత నిర్ణీత ట్రేడుల్లో ఐటీఐ చేసినవాళ్లకూ అవకాశం ఉంది. కాబట్టి ఆ కోరిక ఉన్నవాళ్లకు కూడా దారి ఐటీఐ మీదుగానే పోతుంది.

నిజానికి తుపాకీ పనీ లేత్ పనీ అన్నదమ్ముల్లాంటివి. ఆబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అని బస్టాపు ఉంది కదా, అది ఉత్త పేరు కాదు. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో అక్కడ ఫిరంగులు పోతపోసే కార్ఖానా కట్టించాడు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు, అంటే ఫిరంగి అచ్చు. (ఆయన పేరే జనం నోట్లో మూసారాం అయి, మూసారాంబాగ్ వచ్చిందని చెబుతారు.) అదే కాలంలో ఇంగ్లండులో విల్కిన్సన్ అనే ఆయన గట్టి ఇనుప దిమ్మెలో ఫిరంగి రంధ్రాన్ని నేరుగా తొలిచే యంత్రం చేశాడు. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి సిలిండర్లు సరిగ్గా కుదిరింది ఆయన తొలిచి ఇచ్చాకే. ఫిరంగి కోసం పుట్టిన పనితనం రైలు ఇంజనుకు పనికొచ్చిందన్నమాట.

ఇంకొకాయన హెన్రీ మాడ్స్‌లే. 1771లో పుట్టాడు. పన్నెండేళ్లకే లండన్ పక్కన ఊల్‌విచ్ ఆయుధాగారంలో తూటాల్లో మందు కూరే పనికి కుదిరాడు. మన వయసు కూడా లేదు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక, 1800 ప్రాంతంలో, మర ఖచ్చితంగా కోసే లేత్‌ను తీర్చిదిద్దాడు. ఈనాడు ఐటీఐలో మా చేతికిచ్చే లేత్‌కు మూలం అదే. ఆయన పేరు మాకు ట్రేడ్ థియరీ పుస్తకంలో ఒక్క లైనులో వచ్చింది, పన్నెండేళ్ల సంగతి అందులో రాయలేదు.

ఇప్పటి సంగతి ఒకటి చెప్పి ఈ భాగం ఆపుతాం. 'అస్మి' అనే 9 మిల్లీమీటర్ల మెషిన్ పిస్టల్‌ను 2021 జనవరిలో మన సైన్యం, డీఆర్‌డీఓ కలిసి ప్రకటించాయి. దాని పైభాగం విమానాలకు వాడే అల్యూమినియం, కింది భాగం కార్బన్ ఫైబర్. 2024లో సైన్యం 550 అస్మీలు కొనడానికి ఆర్డరిచ్చింది. ఆ ఆర్డరు అందుకున్నది హైదరాబాద్‌లోని లోకేశ్ మెషీన్స్. 1983లో మొదలైన ఆ కంపెనీ అసలు వ్యాపారం తుపాకులు కాదు, సీఎన్‌సీ మిషన్లు తయారు చేయడం. అల్యూమినియాన్ని చెప్పిన కొలతకు చెక్కగలిగినవాడు దేన్నయినా చెక్కగలడు. ఆ చెక్కడమే అసలు విద్య.

లేత్ మీద మొదటి వారాలు

కుమ్మరి సారెను చూసినవాళ్లకు లేత్ సులువుగా అర్థమవుతుంది. సారె తిరుగుతుంటే కుమ్మరి చెయ్యి మట్టికి రూపం ఇస్తుంది. లేత్ అంటే పక్కకు పడుకోబెట్టిన సారె. మట్టి బదులు ఇనుప కడ్డీ, చెయ్యి బదులు గట్టి ఉక్కు పనిముట్టు. కడ్డీని పట్టుకొని తిప్పేది చక్. పనిముట్టును బిగించేది టూల్ పోస్టు. ఎదురుగా, రెండో కొసను ఆనుకొని నిలబెట్టేది టెయిల్‌స్టాక్. మనం చేసే వస్తువును షెడ్డులో అందరూ 'జాబ్' అంటారు. లేత్‌లో జాబ్ తిరుగుతుంది. మిల్లింగ్ మిషన్లో అందుకు తలకిందులు, కట్టర్ తిరుగుతుంది, జాబ్ బల్లమీద జరుగుతుంది.

మిషన్ మీదికి మొదటి రోజే రానిస్తారని అనుకోకండి. మంచి కోర్సుకు అదే గుర్తు. మొదట వైస్‌లో ఇనుప ముక్క బిగించి ఆకురాయితో చదును చేయమంటారు. మూలమట్టం పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తారు. సందులోంచి వెలుతురు కనబడితే మళ్లీ రాయమంటారు. రెండో రోజుకు అరచేతుల్లో బొబ్బలు లేస్తాయి. "దీనికోసమా వచ్చింది" అనిపించి సగంమంది ఇక్కడే మానేస్తారు. కానీ ఇనుము ఎక్కడ మెత్తగా తెగుతుందో, ఎక్కడ జారుతుందో చేతికి తెలిసేది ఈ ఆకురాయి దగ్గరే.

తర్వాత కొలతలు. తరగతిలో వాడే స్కేలు మిల్లీమీటరు దాకా చెబుతుంది. వెర్నియర్ కాలిపర్ 0.02 మిల్లీమీటరు దాకా, మైక్రోమీటర్ 0.01 దాకా చెబుతాయి. తల వెంట్రుక మందం 0.05 నుంచి 0.1 మధ్య ఉంటుంది, అంటే వెంట్రుకను నాలుగైదు పాయలు చీల్చినంత సన్నని తేడా. వెర్నియర్ చదవడం పదో తరగతి వచ్చినవాడికి అరగంట పని. పెద్ద స్కేలు మీద 24 దాటింది అనుకుందాం. కింది చిన్న స్కేలులో 18వ గీత పైగీతతో సరిగ్గా కలిసింది. 18ని 0.02తో గుణిస్తే 0.36. కొలత 24.36 మిల్లీమీటర్లు. అంతే. ఈ తేడాలకు అంత గొడవ ఎందుకంటే, 25 మిల్లీమీటర్ల బేరింగులో దిగాల్సిన కడ్డీ వెంట్రుకంత లావైతే దిగదు, వెంట్రుకంత సన్నమైతే లోపల ఆడుతుంది. రెండు చోట్లా జాబ్ తుక్కులోకే పోతుంది.

లెక్కల సార్ చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. కడ్డీ ఎంత వేగంగా తిరగాలో ఊహించి పెట్టరు. ఇనుము పనిముట్టు ముందు నుంచి నిమిషానికి ఎన్ని మీటర్లు జరగాలన్నది లోహాన్ని బట్టి, పనిముట్టును బట్టి ఉంటుంది. మెత్తని ఉక్కుకు, మామూలు హైస్పీడ్ స్టీల్ పనిముట్టుతో 30 మీటర్లు అనుకోండి. కడ్డీ వ్యాసం 25 మిల్లీమీటర్లు. ఒక చుట్టుకు జరిగే దూరం పై ఇంటూ వ్యాసం, అంటే 78.5 మిల్లీమీటర్లు. 30 మీటర్లంటే 30,000 మిల్లీమీటర్లు, దాన్ని 78.5తో భాగిస్తే నిమిషానికి సుమారు 382 చుట్లు. మిషన్ మీద ఆ అంకె ఉండదు, దానికి దగ్గరగా తక్కువున్న వేగం పెట్టుకుంటారు. వృత్తం చుట్టుకొలత ఎందుకు చదువుతున్నామని అడిగే తమ్ముళ్లకు ఇదే జవాబు.

కొత్తవాళ్లందరినీ తికమక పెట్టేది ఇంకొకటి ఉంది. పనిముట్టును అర మిల్లీమీటరు లోపలికి పంపితే వ్యాసం అర మిల్లీమీటరు తగ్గదు, ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. జాబ్ తిరుగుతోంది కాబట్టి రెండు పక్కలా తెగుతుంది మరి. కొన్ని మిషన్ల డయల్ మీద లోతు రాసి ఉంటుంది, కొన్నింటి మీద వ్యాసమే రాసి ఉంటుంది. ఏ మిషన్ దగ్గర నిలబడినా ముందు ఇది అడిగి తెలుసుకోవాలి.

ఆరు వారాల కోర్సులో కొస చదును చేయడం, లావు తగ్గించడం, మెట్లు మెట్లుగా కోయడం, రంధ్రం వేయడం, ఏటవాలుగా కోయడం దాకా వస్తాయి. మర కోయడం కొందరికి వస్తుంది, కొందరికి చూపించడంతో సరిపెడతారు. సీఎన్‌సీ కోర్సయితే చక్రాలు తిప్పే పని ఉండదు, కంప్యూటరుకు వరుసగా ఆదేశాలు రాయాలి. జీ-00 అంటే కోయకుండా వేగంగా జరుగు, జీ-01 అంటే నేరుగా కోస్తూ జరుగు, ఇలా ఉంటాయి. ఇంగ్లీషు రాదని భయపడక్కర్లేదు, అందులో ఉన్నది ఇంగ్లీషు కాదు, అక్షరాలూ అంకెలూ. కానీ చేత్తో లేత్ తిప్పనివాడు సీఎన్‌సీ ముందు కూర్చుంటే బటన్లు నొక్కుతాడు గానీ పనిముట్టు ఎందుకు విరిగిందో చెప్పలేడు. ఇది మా అభిప్రాయం, దీనికి ఒప్పుకోని మాస్టార్లు కూడా ఉన్నారు.

జాగ్రత్తల విషయంలో మాత్రం రెండు అభిప్రాయాల్లేవు. చక్ బిగించిన తాళాన్ని చక్‌లోనే వదిలి స్విచ్ వేస్తే అది రాయిలా ఎగిరి వస్తుంది. పొడుగు చేతుల చొక్కా, మెడలో తువ్వాలు, చేతికి కట్టుకున్న దారం, ఉంగరం, ఏదీ పనికిరాదు. తిరిగే మిషన్ దగ్గర చేతికి గ్లవ్స్ కూడా వద్దు. కాపాడుతుందనుకున్న గ్లవ్స్‌ను చక్ పట్టుకుంటే చెయ్యితో సహా లాగుతుంది. తెగిన ఇనుప చుట్టలను, అంటే చిప్స్‌ను, చేత్తో లాగకూడదు, కొక్కెంతో లాగాలి. కళ్లద్దాలు తప్పనిసరి. ఇవేవీ చెప్పకుండా మిషన్ ఆన్ చేసి చూపించే చోట ఒక్క పూట కూడా ఉండకండి.

ఎక్కడ ఉన్నాయి, ఖర్చు ఎంత?

మన జంట నగరాలకు మిషన్ల విద్య కొత్త కాదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ 1893 నాటిది, నిజాం రైల్వే కట్టింది. కవాడిగూడలోని ప్రాగా టూల్స్ 1943లో మొదలైంది. తర్వాత కొన్నాళ్లు రక్షణ శాఖ కింద ఉండి, 1988లో హెచ్‌ఎంటీ చేతికి వచ్చింది. ఇప్పుడు ఆ కార్ఖానా లేదు గానీ, ప్రాగా పేరున్న పాత మిషన్లు ఐటీఐ షెడ్లలో ఇంకా కనిపిస్తాయి. రాణిగంజ్‌లో తిరిగితే టూల్స్, బేరింగులు అమ్మే దుకాణాలు వరుసగా ఉంటాయి. ఓ ఆదివారం ఊరికే చూసి రండి, పైసా ఖర్చు లేదు.

చిన్న కోర్సులకు మొదట అడగాల్సిన చోటు బాలానగర్‌లోని సీఐటీడీ. ఐక్యరాజ్యసమితి సాయంతో కేంద్ర ప్రభుత్వం 1968లో స్థాపించిన సంస్థ. ఇప్పుడు ఎంఎస్ఎంఈ టూల్ రూమ్ అని కూడా అంటారు. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా కోర్సులుంటాయి. కొన్నింటికి డిప్లొమా అడుగుతారు, కొన్నింటికి ఐటీఐ, కొన్నింటికి పది చాలు. ఎస్సీ, ఎస్టీలకు ఫీజు లేకుండా నడిపిన కోర్సులు కూడా ఉన్నాయి, కాకపోతే ఏ ఏడాది ఏవి నడుస్తాయన్నది ఆ ఏడాది ప్రకటనను బట్టి ఉంటుంది. పది పాసై నాలుగేళ్లు చదవగలిగితే అక్కడే టూల్ అండ్ డై మేకింగ్ డిప్లొమా ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. ఈసీఐఎల్ దగ్గర ఎన్‌ఎస్‌ఐసీ శిక్షణ కేంద్రం, విద్యానగర్‌లో కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఎస్‌టీఐ ఉన్నాయి. తెలంగాణలోని 65 ప్రభుత్వ ఐటీఐలను 2,324 కోట్ల రూపాయలతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. రెండేళ్ల కోర్సులే కాక చిన్న కోర్సులు కూడా వాటి ప్రణాళికలో ఉన్నాయి.

ఇక అసలు చిక్కు. కోర్సు ఉచితమైనా మన హాస్టల్ సెలవుల్లో మూత. ఉండేదెక్కడ, తినేదెక్కడ? నెలన్నర కూలి పోతుంది, పైగా గది అద్దె, బస్సు ఛార్జీలు. అమ్మానాన్నలకు ఇది నచ్చజెప్పడం లేత్ నేర్చుకోవడం కన్నా కష్టం. మాలో ఒకరు మేనమామ ఇంట్లో ఉండి చేశారు. ఇద్దరు పొద్దున కోర్సు, సాయంత్రం పెళ్లిళ్ల వడ్డన చేసి ముగ్గురితో గది పంచుకున్నారు. ఏ బంధువూ లేనివాళ్లు కోర్సులో చేరేముందే వసతి ఉందా అని ఆ సంస్థలో అడగాలి, మన వార్డెన్ సార్ ద్వారా కాలేజీ హాస్టల్లో తాత్కాలికంగా చోటు దొరుకుతుందేమో కనుక్కోవాలి. సెలవుల్లో శిక్షణకు పోయే పిల్లల కోసం నగరంలో కనీసం ఒక్క హాస్టలైనా తెరిచి ఉంచమని మేము ఈ సంచిక ద్వారా సంక్షేమ శాఖ అధికారులను కోరుతున్నాం. యాభై మంచాలు చాలు.

ప్రైవేటు సెంటర్ల సంగతి చెప్పాలి. మాతో చదివిన ఒకడు నగరంలోని ఓ సెంటర్లో 'నెలలో సీఎన్‌సీ, వంద శాతం ఉద్యోగం' అన్న బోర్డు చూసి డబ్బు కట్టాడు. నెలంతా కంప్యూటర్ మీద బొమ్మలే చూపించారు, ఒక్క చిప్ కూడా రాలలేదు. డబ్బు కట్టేముందు షెడ్డు చూపించమనండి. ఎన్ని మిషన్లు, ఎంతమంది పిల్లలు, రోజుకు ఒక్కొక్కరికి ఎన్ని గంటలు అని అడగండి. షెడ్డు నేల మీద నూనె మరకలు లేకపోతే వెనక్కి వచ్చేయండి.

సర్టిఫికెట్ విలువ ఎంతో కూడా తెలియాలి. ఆరు వారాల కాగితంతో ఎవరూ టర్నర్ అయిపోరు. చిన్న షెడ్డులో హెల్పర్‌గా తీసుకుంటారు. రైల్వేలో అప్రెంటిస్‌కు పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు రెండూ కలిపి చూస్తారు, చిన్న కోర్సు లెక్కలోకి రాదు. దక్షిణ మధ్య రైల్వే 2024 డిసెంబరులో 4,232 అప్రెంటిస్ ఖాళీలు ప్రకటించింది, అందులో ఫిట్టర్, మెషినిస్టు, వెల్డర్ ట్రేడులున్నాయి. వాటికి పోవాలంటే ఐటీఐ చేయాల్సిందే. ఐటీఐకి కూడా పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వర్తిస్తుందని మనవాళ్లలో చాలామందికి తెలియదు. వేసవి కోర్సు ఉపయోగం వేరు. ఈ పని మనకు నచ్చుతుందా లేదా అన్నది రెండేళ్లు పోగొట్టుకోకుండా ఆరు వారాల్లో తేలిపోతుంది. మాతో కోర్సు చేసిన ఒకడు ఆ నూనె వాసన పడక ఇంటర్ బైపీసీలో చేరాడు. వాడికీ ఆ కోర్సు పనికొచ్చినట్టే.

పద్నాలుగేళ్లు నిండనివాళ్లు ఇప్పుడే ఆలోచించవద్దు, ఐటీఐకి కూడా కనీస వయసు పద్నాలుగే. పద్దెనిమిది నిండేదాకా కోర్సుకు పోవచ్చు గానీ, ప్రమాదకరమైన పనుల్లో కూలికి పెట్టుకోవడం చట్టవిరుద్ధం. నేర్పుతామని చెప్పి ప్రెస్ మిషన్ మీద కూర్చోబెట్టే షెడ్లున్నాయి, జాగ్రత్త. ఆడపిల్లల హాస్టల్ చెల్లెళ్లు కూడా మెషినిస్టు ట్రేడులో చేరవచ్చు, మా బ్యాచిలో ముగ్గురున్నారు, కొలతల్లో వాళ్ల చేతివాటం మాకు రాలేదు.

ప్రకటనలు చాలావరకు మార్చి, ఏప్రిల్‌లో వస్తాయి. అప్పటికి పరీక్షల హడావుడి ఉంటుంది కాబట్టి కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఫిబ్రవరిలోనే మీసేవలో తీసుకోండి. ఆధార్, తొమ్మిదో తరగతి మార్కుల కాగితం, బ్యాంకు పుస్తకం, ఆరు ఫొటోలు ఒక కవరులో పెట్టి సిద్ధంగా ఉంచండి. పేరు స్పెల్లింగు అన్నింటిలో ఒకేలా ఉందో లేదో చూసుకోండి, ఎక్కువ దరఖాస్తులు ఆగేది అక్కడే. సందేహాలుంటే మేము నెలలో రెండు ఆదివారాలు మెస్ హాల్లోనే దొరుకుతాం. వచ్చేసారి పాత వెర్నియర్ ఒకటి తెస్తాం, ఎవరి పెన్ను ఎంత లావో కొలుచుకోవచ్చు.